పసుపు వెలిసిపోవడానికి పట్టే కాలం

గౌతమి అవతలి ఒడ్డున మాకు కొంచెం కొబ్బరితోట ఉంది. చెట్ల మధ్య నీడలో అంతరపంటగా పసుపు వేస్తాం. దుగ్గిరాల యార్డుకు తోలేంత పంటేమీ కాదు. ఇంటికి సరిపడా ఉంచుకుని, మిగిలినదాన్ని మా అమ్మ ఉడకబెట్టి, ఎండబెట్టి, మరలో ఆడించి యానాంలో ఒక కిరాణా కొట్టుకు ఇస్తుంది. నా పుస్తకాల ఖర్చు చాలావరకు ఆ డబ్బుతోనే గడుస్తుంది.

కిందటేడాది వేసవిలో కొట్టాయన మా పసుపును పెద్ద గాజు సీసాల్లో పోసి, అందరికీ కనబడాలని కొట్టు ముందు బల్ల మీద పెట్టాడు. ఆయన ఉద్దేశం మంచిదే. నెలా నెలన్నర గడిచేసరికి సీసాలో పసుపు, ముఖ్యంగా గాజుకు ఆనుకున్న పొర, పాలిపోయింది. ఒకావిడ పొట్లం వెనక్కి తెచ్చి, "ఇందులో సుద్ద కలిపారండి, లేకపోతే ఈ రంగేంటి?" అందిట. కొట్టాయన మిగిలిన సరుకు తిరిగి ఇచ్చేశాడు. అమ్మ ఆయన్ని ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ మాత్రం, "ఇరవయ్యేళ్ళ నించీ పండిస్తన్నాంరా. కల్తీ అన్న మాట ఎవరి నోటా వినలేదు" అంది.

ఇంట్లో బి.ఎస్సీ. చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక ఊరుకుంటే చదువుకు అర్థమేముంది? మర్నాడే ఆ పసుపు కొంచెం కాగితంలో కట్టుకుని కాలేజీ ల్యాబుకు వచ్చాను.

సుద్ద ఉంటే ఆమ్లం పోయగానే బుసబుస పొంగాలి. పొంగలేదు. పసుపులో కలిపే చవక రంగు మెటానిల్ యెల్లో ఉందేమో చూశాను. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే అసలు పసుపు కూడా ఎర్రబడుతుంది గానీ, నీళ్ళు పోస్తే ఆ ఎరుపు పోతుంది. మెటానిల్ యెల్లో ఉంటే ఆ ఎరుపు పోకుండా నిలుస్తుంది. మా పసుపులో నిలవలేదు. మరి రంగెందుకు పోయింది?

జవాబు చెప్పింది మా నాయనమ్మ. "గడప చూడరా" అంది. నిజమే. పండక్కి గడప అంతటికీ పసుపు ఒకేసారి రాస్తారు. వారం తిరిగేసరికి ఎండ తగిలే బయటి అంచు తెల్లబోతుంది, లోపలి అంచు పచ్చగానే ఉంటుంది. పసుపు మరకపడ్డ చీరను మా అమ్మ కూడా ఉతికి ఎండలోనే ఆరేస్తుంది. సబ్బుకు లొంగని మరక ఎండకు లొంగుతుంది. ఇన్నేళ్ళూ కళ్ళముందే ఉన్నా నాకు తట్టలేదు.

సరే, రెండు చిన్న సీసాల్లో ఒకే మరాడింపు పసుపు పోశాను. ఒకదానికి నల్లగుడ్డ చుట్టి, రెండూ డాబా మీద పెట్టాను. మూడు వారాల తర్వాత సమాన తూకం తీసి స్పిరిట్‌లో కరగించి వడకట్టి, ల్యాబులో కలరీమీటరులో చూశాను. ఎండ తిన్న పసుపు రీడింగు నల్లగుడ్డలో దానికంటే స్పష్టంగా తక్కువ వచ్చింది. గంతులేసుకుంటూ వెళ్ళి మా కెమిస్ట్రీ లెక్చరర్ గారికి చెప్పాను. ఆయన విని, "కాంతి వల్ల పోయింది, బాగుంది. కాంతి పడ్డాక ఏం జరిగింది?" అన్నారు. నేను నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నేను తర్వాత వెతుక్కున్న జవాబు.

పసుపులో రంగునిచ్చేది కుర్కుమిన్ అనే పదార్థం. పసుపు కొమ్ములో వందకు రెండు మొదలు అయిదు పాళ్ళ దాకా ఉంటుంది. దాన్ని మొదట వేరుచేసింది 1815లో. దాని అణునిర్మాణం తేలింది 1910లో. ఈ అణువు 425 నానోమీటర్ల దరిదాపు తరంగదైర్ఘ్యం ఉన్న ఊదా, నీలి కాంతిని మింగేస్తుంది. మింగగా మిగిలిన వెలుగు మన కంటికి పసుప్పచ్చగా కనిపిస్తుంది.

కాంతిని మింగిన అణువు ఉత్తేజిత స్థితికి వెళుతుంది. చేతిలో అనుకోని డబ్బు పడ్డ మనిషిలాంటిదన్నమాట; దాన్ని ఎక్కువసేపు దాచుకోలేదు. కొంత వెలుగుగా తిరిగి ఇచ్చేయవచ్చు. దాన్నే ప్రతిదీప్తి అంటాం. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపాన్ని స్పిరిట్‌లో కరగిన పసుపు మీద వేయండి, ఆకుపచ్చ కలిసిన వెలుగు కనిపిస్తుంది. లేదా శక్తినంతా వేడిగా చుట్టూ ఉన్న ద్రావణికి వదిలేసి మామూలు స్థితికి దిగిపోవచ్చు. ఈ రెండూ కాకపోతే మూడోది, ఏదో ఒక రసాయన చర్యలో పడి తన రూపమే పోగొట్టుకోవచ్చు. మూడోదే మా సీసాలో జరిగింది. ఏ దారిన పోవాలన్నది ఒక పందెం. ఆ పందెం సెకనులో వందకోట్ల వంతు గడవకముందే ముగిసిపోతుంది. కలరీమీటరు చూపించేది పందెం అయిపోయిన తర్వాత మైదానం మాత్రమే. పరుగు చూడాలంటే అంత వేగమైన కన్ను కావాలి.

ఇక్కడ కొలతల మాట చెప్పుకోవాలి. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోసెకను. దాన్ని మళ్ళీ వెయ్యి భాగాలు చేస్తే ఒకటి ఫెమ్టోసెకను. ఒక ఫెమ్టోసెకను ఒక సెకనంత పొడుగైందనుకుంటే, నిజమైన సెకను 3 కోట్ల సంవత్సరాలకు పైగా సాగుతుంది. అణువులోని పరమాణువులు కదిలేదీ, బంధాలు తెగేదీ ఈ ఫెమ్టోసెకన్ల ప్రపంచంలోనే. మీరు ఈ అక్షరాన్ని చూడగానే మీ కంటిలోని రెటినాల్ అణువు మెలిక తిరగడానికి దాదాపు 200 ఫెమ్టోసెకన్లు పడుతుందని 1991లో కొలిచారు. మిగిలిన ఆలస్యమంతా నరాలది, మనదీ.

కాంతితో పదార్థాన్ని ప్రశ్నించడం మన గడ్డకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరుకే వచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వర్ణపటాన్ని అక్కడే పరిశీలించాడు. తర్వాత హీలియం అని పేరుపడిన మూలకం కథ ఆ గ్రహణంతో మొదలైంది. (ఫ్రెంచివారి పేరెత్తితే యానాం వాళ్ళం ఒక నిమిషం ఆగుతాం గదా.) 1928లో రామన్, కృష్ణన్ 60 దాకా ద్రవాల్లోంచి కాంతిని పంపి రామన్ ఫలితాన్ని కనుక్కున్నారు. మొదట్లో వారి దీపం సూర్యుడే. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు కలకత్తాలో రామన్ వద్ద పనిచేసి, ఆ విద్యను వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తెచ్చారు. అయితే ఆ ప్రయోగాలన్నీ అణువు ఎలా ఉందో చెప్పేవి. అది మారుతున్నప్పుడు ఎలా మారుతోందో చెప్పలేవు.

మారుతుండగా పట్టుకునే ఉపాయం 1949లో కేంబ్రిడ్జిలో నోరిష్, పోర్టర్ చేశారు. పోర్టర్ యుద్ధకాలంలో నౌకాదళంలో రాడారు అధికారి. బలమైన మెరుపు దీపం ఒకటి వెలిగించి అణువులను విడగొట్టడం, కొద్ది వ్యవధి తర్వాత రెండో మెరుపుతో అక్కడ మిగిలినదాని వర్ణపటం తీయడం, ఇదీ పద్ధతి. 1967లో వీరికి, ఐగెన్‌తో కలిపి, నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళలో వచ్చిన ఫెమ్టోసెకను ప్రయోగాలన్నీ నిజానికి ఈ రెండు మెరుపుల ఆటే. మెరుపు మాత్రం పొట్టిదవుతూ వచ్చింది.

ఎందుకు పొట్టిదవాలి? ట్యూబులైటు కింద ఫ్యాను తిరుగుతుంటే రెక్కలు ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి చూడండి. వెలుగు ఆగి ఆగి పడడం వల్ల కదిలేదాని ముక్కలు ముక్కలు మాత్రమే కన్ను చూస్తుంది. ఆ వెలుగు ముక్క ఎంత పొట్టిదైతే బొమ్మ అంత తేటగా ఉంటుంది, పొడుగైతే అలుక్కుపోతుంది. 1960లో మైమన్ రూబీ లేజరు వెలిగించాక దారి తెరుచుకుంది. అరవయ్యో దశకంలోనే పికోసెకన్లు, డెబ్భైలలో రంగు ద్రావణాల లేజర్లతో పికోసెకను కంటే తక్కువ, 1987 నాటికి 6 ఫెమ్టోసెకన్లు! 1990 తర్వాత టైటానియం కలిసిన నీలమణి స్ఫటికం లేజర్లు వచ్చి, ఈ విద్య పెద్ద పెద్ద ల్యాబుల చేతిలోంచి విశ్వవిద్యాలయాల చేతికి వచ్చింది.

ఇంత పొట్టి మెరుపు ఎలా పుడుతుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. చివరికి కోలాటం చూస్తుంటే అర్థమైంది. పదిమంది పది వేగాలతో కర్రలు కొడుతున్నారనుకోండి, అంతా గోల. కానీ అందరూ ఒకే క్షణాన మొదలుపెడితే, మళ్ళీ ఎప్పుడో ఒక క్షణాన అందరి దెబ్బలూ కలిసి ఒక్కటిగా 'ఠప్' మంటుంది. మనుషులు ఎక్కువై, వేగాల తేడా పెరిగేకొద్దీ ఆ కలయిక అంత కచ్చితంగా, అంత పొట్టిగా ఉంటుంది. లేజరు అద్దాల మధ్య వేలకొద్దీ తరంగాలు అడుగు కలిపి నడిచేట్టు చేస్తే అవన్నీ కలిసే క్షణంలో ఒక్క మెరుపు వస్తుంది. అందుకే ఫెమ్టోసెకను మెరుపు ఒకే రంగులో ఉండలేదు. లేజరంటే ఒకే రంగు అని మనం ఇంటర్లో కంఠస్థం చేశాం. ఆ మాట ఇక్కడ చెల్లదు.

రెండు మెరుపుల మధ్య వ్యవధిని కొలిచే గడియారం ఏది? లోకంలో ఏ గడియారమూ అంత వేగంగా తిరగదు. ఇక్కడి ఉపాయం నాకు అన్నిటికంటే నచ్చింది. ఒకే మెరుపును అద్దంతో రెండుగా చీలుస్తారు. ఒకటి తిన్నగా పోయి అణువును లేపుతుంది. రెండోదాన్ని కొంచెం చుట్టుదారిన తిప్పుతారు. ఒకే గడప దాటిన ఇద్దరు పిల్లల్లో ఒకడు గట్టు మీద తిన్నగా వెళితే, రెండోవాడు కొబ్బరిచెట్టు చుట్టి వచ్చినట్టు. కాంతి ఒక పికోసెకనులో 0.3 మిల్లీమీటర్లు పోతుంది. చుట్టుదారిలోని అద్దాన్ని 1.5 మిల్లీమీటర్లు, అంటే సుమారు బియ్యపుగింజ మందం, వెనక్కి జరిపితే పోనూ రానూ దారి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, రెండో మెరుపు 10 పికోసెకన్లు ఆలస్యమవుతుంది. గడియారం లేదు, స్కేలు చాలు! కాలాన్ని కొలవలేక దూరాన్ని కొలుస్తున్నారు. అద్దాన్ని కొద్ది కొద్దిగా జరుపుతూ ప్రతిచోటా లెక్క తీసి, అన్నీ వరసగా పేర్చితే అణువు కథ సినిమాలాగా వస్తుంది. ఈ పద్ధతితో 1987లో కాలిఫోర్నియాలో అయోడిన్ సయనైడ్ అణువులో బంధం తెగడాన్ని 200 ఫెమ్టోసెకన్ల ఘటనగా పట్టుకున్న అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చింది.

జెవైల్ మొదట చూసింది వాయువులను. వాయువులో అణువు ఎడారిలో ఒంటరి మనిషి. ద్రవంలో అలా కాదు. అంతర్వేది తీర్థంలో రథం కదిలే వేళ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. చిన్నప్పుడు అక్కడ మా తమ్ముడు నా చెయ్యి విడిచేశాడు. వాడు పోదామన్నా జనం పోనివ్వలేదు, తోసి తోసి మళ్ళీ నామీదే పడేశారు. ద్రవంలో విడిపోయిన రెండు పరమాణువులకూ ఇదే గతి. చుట్టూ ఉన్న ద్రావణి అణువులు పంజరంలా నిలబడి వాటిని మళ్ళీ ఒకదానిమీదికి ఒకదాన్ని తోస్తాయి. 1934లోనే ఫ్రాంక్, రాబినోవిచ్ దీన్ని ఊహించారు. కళ్ళతో చూసినవాడు అప్పటికి లేడు.

దీనికి తగిన అణువు మనందరికీ తెలిసిన అయోడిన్. హెక్సేన్‌లో వేస్తే వంగపండు రంగు, స్పిరిట్‌లో వేస్తే గోధుమరంగు. 1974లో ఐసెంథాల్, ఆయన సహచరులు కార్బన్ టెట్రాక్లోరైడులో కరగిన అయోడిన్ మీద పికోసెకను మెరుపు వేశారు. అణువులు విడిపోగానే రంగు తగ్గింది. తర్వాత మెల్లగా తిరిగి వచ్చింది. ఆ తిరిగి రావడానికి 140 పికోసెకన్లు పట్టింది. హెక్సాడెకేన్ అనే మరో ద్రవంలో 70. విడిపోయిన జంట మళ్ళీ కలవడానికి పట్టే కాలం అదేనని వారు చెప్పారు. పాఠ్యపుస్తకానికి ఎక్కదగ్గ ప్రయోగం.

ఎనభైలలో ఇంకా పొట్టి మెరుపులతో, ఇంకా చాలా రంగుల్లో చూసినవారికి వేరే సంగతి తేలింది. బర్క్‌లీలో చార్ల్స్ హారిస్ బృందం, మరికొందరు చేసిన పని ఇది. విడిపోయిన పరమాణువులు నిజానికి ఒకటి రెండు పికోసెకన్లలోనే తిరిగి కలిసిపోతున్నాయి. అయితే కలిసిన అణువు విపరీతంగా వేడెక్కి, కంపిస్తూ ఉంటుంది. దాని కంపనం చల్లారి, పాత రంగును మళ్ళీ మింగే స్థితికి రావడానికి ఆ వందా నూట యాభై పికోసెకన్లు పడుతున్నాయి. 1974 కొలత తప్పు కాదు. ఆ అంకెకు చెప్పిన అర్థం మారింది. ఇది చదివినప్పుడు నాకు పొట్లం తిరిగి తెచ్చిన ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ చూసినదీ నిజమే, పసుపు పాలిపోయింది. అప్పటినుంచీ ఆవిడ మీద నా కోపం సగం తగ్గింది. సగమే.

ద్రవం కాపలా కాయడమే కాదు, ఆతిథ్యం కూడా చేస్తుంది. అణువు ఉత్తేజితమవగానే దానిలో విద్యుదావేశం పంపకం మారుతుంది. అప్పటిదాకా చుట్టూ ఒక తీరులో కూర్చున్న ద్రావణి అణువులు సర్దుకుని కొత్త తీరులో కూర్చోవాలి. కిక్కిరిసిన బస్సులో పసిబిడ్డతో ఒకావిడ ఎక్కితే అందరూ తలా కాస్త జరిగినట్టు. నీరు ఇందులో మహా చురుకు. 1994లో అమెరికాలో ఫ్లెమింగ్, మారన్‌సెల్లి, వారి సహచరులు కూమరిన్ అనే రంగు అణువును నీటిలో పెట్టి చూస్తే, సర్దుబాటులో సగానికి పైగా 55 ఫెమ్టోసెకన్లలోపే ముగిసిపోయింది. దీనికి పూర్తి విరుద్ధం, అయానిక ద్రవాలు. ఇవి మామూలు వేడిలోనే ద్రవంగా ఉండే లవణాలు. చాలావరకు గంజిలా చిక్కగా ఉంటాయి. వీటిలో ఈ సర్దుబాటు నానోసెకన్ల దాకా సాగుతుంది. మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అనునయ్ సామంత గారి బృందం ఇలాంటి ద్రవాల్లో ఉత్తేజిత అణువుల నడవడి మీద ఎంతో పని చేసింది. చెన్నైలో తరమణి ఆవరణలో మద్రాసు విశ్వవిద్యాలయం వారి అతివేగ ప్రక్రియల జాతీయ కేంద్రం ఉంది. నేను వీటిలో దేన్నీ కళ్ళతో చూడలేదు. చూడాలని మాత్రం ఉంది. ఈ ఏడు ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్షకు చదువుతున్నది కొంత అందుకే.

ఇక పసుపు దగ్గరికి వద్దాం. 2009లో అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో జేకబ్ పెట్రిచ్ బృందం కుర్కుమిన్‌ను ఆల్కహాలులో కరగించి దాని ప్రతిదీప్తిని ఫెమ్టోసెకను పద్ధతిలో గమనించింది. ఇక్కడి పద్ధతి మన గోదావరి జిల్లాల వారికి కాలవ లాకు సాయంతో సులువుగా చెప్పవచ్చు. కాలవలో నీరు ఎంతసేపటికి ఎంత తగ్గిందో తెలియాలంటే, లస్కరు ఫలానా క్షణంలో తలుపు ఎత్తి వెంటనే దించేయాలి. ఆ రెప్పపాటులో వచ్చిన నీటిని కొలవాలి. కుర్కుమిన్ ఇచ్చే వెలుగు కాలవ. ఒక ప్రత్యేకమైన స్ఫటికం లాకు. రెండో లేజరు మెరుపు లస్కరు. స్ఫటికంలో ప్రతిదీప్తీ, ఆ మెరుపూ ఒకేసారి ఉన్నప్పుడు మాత్రమే రెండూ కలిసి కొత్త రంగు కాంతి పుడుతుంది. మెరుపు పోగానే తలుపు పడిపోయినట్టే. ఆలస్యం మార్చి మార్చి వేలసార్లు తీస్తారు. ఎండ తిన్న అణువులే మళ్ళీ మెరుపుకు ఎదురుపడకుండా ద్రావణాన్ని తిప్పుతూనో, పారిస్తూనో ఉంచుతారు.

అలా చూస్తే కుర్కుమిన్ వెలుగు రెండు అంచెల్లో తగ్గింది. మొదటిది పది ఇరవై పికోసెకన్ల అంచె. అది ఆల్కహాలు సర్దుకుని కూర్చోవడం. రెండోది వంద పికోసెకన్ల దరిదాపు. ఆ రెండో దాంట్లో ఏం జరుగుతోంది? కుర్కుమిన్ నడుమ రెండు ఆక్సిజన్ల మధ్య ఒక హైడ్రోజన్ ఇరుక్కుని ఉంటుంది. అణువు ఉత్తేజితమైనప్పుడు ఆ హైడ్రోజన్ ఒక ఆక్సిజన్ ఒడిలోంచి రెండోదాని ఒడిలోకి దూకుతుందని అనుమానం. దూకినది హైడ్రోజనేనని రుజువు ఎలా? దాని స్థానంలో రెట్టింపు బరువున్న డ్యుటీరియం పెట్టి చూశారు. రెండో అంచె నెమ్మదించింది. బరువెక్కిస్తే నెమ్మదించిందంటే పరిగెడుతున్నది అదే కదా! దొంగ కాలికి గజ్జె కట్టి పట్టుకున్నట్టుంది. అణువు తన శక్తిని హాని లేకుండా వదిలించుకునే ముఖ్యమైన దారుల్లో ఈ దూకుడు ఒకటి.

అంటే కుర్కుమిన్‌ను కాపాడుతున్నది దాని తొందరే. తొందరగా దిగిపోయినవి బతుకుతాయి. దిగడం ఆలస్యమైన కొద్ది అణువుల్లో కొన్ని ట్రిప్లెట్ అనే ఎక్కువకాలం నిలిచే స్థితిలోకి జారిపోతాయి. అక్కడ వాటికి గాలిలోని ఆక్సిజన్ ఎదురైతే శక్తిని దానికి అందించి చురుకైన ఆక్సిజన్‌గా మార్చగలవు. అది ఊరుకోదు. అణువు విరగడానికి ఇదొక్కటే దారి కాదు, కానీ విరిగాక మిగిలేవాటిలో వెనిలిన్ వంటి చిన్న అణువులు ఉంటాయని ద్రావణాలపై చేసిన పరీక్షల్లో చాలాకాలం కిందటే తేలింది. వాటికి పసుపు రంగు లేదు. సీసాలో రంగు ఎక్కడికీ పోలేదు, ముక్కలైంది.

ఒక మాట ఒప్పుకోవాలి. కొట్టులో ఉన్నది పొడి, పైన చెప్పిన కొలతలు ద్రావణంలోవి. పొడిలో కుర్కుమిన్ పిండిపదార్థంతో, నూనెతో కలిసి ఉంటుంది; ఒక రేణువు నీడ ఇంకో రేణువు మీద పడుతుంది. పికోసెకన్ల అంకెలు అచ్చంగా అవే ఉంటాయని నేను అనను. అణువు ముందున్న దారులు మాత్రం అలాంటివే.

చివరికి మా లెక్చరర్ గారూ నేనూ కూర్చుని కాగితం మీద ఒక ముతక లెక్క వేశాం. నడినెత్తి ఎండలో ఊదా, నీలి కాంతి ఎంత ఉంటుంది, కుర్కుమిన్ అణువు దాన్ని ఎంత ఆబగా మింగుతుంది అన్నవి తెలిస్తే, నేరుగా ఎండ తగిలే ఒక్కో అణువు సెకనుకు ఎన్నిసార్లు కాంతిని మింగుతుందో వస్తుంది. మాకు సెకనుకు సుమారు మూడుసార్లు అని వచ్చింది. రోజుకు ఎనిమిది గంటల ఎండ అలాగే ఉందనుకుంటే 86 వేల సార్లు. అన్నిసార్లూ ఆ వంద పికోసెకన్ల పందెం నెగ్గాలి. లక్షసార్లకు ఒక్కసారి ఓడినా, పదిరోజులు తిరక్కుండానే ఎండ తగిలే పొర చాలావరకు పోతుంది. కొట్టు ముందు బల్ల మీద మా పసుపు నెలన్నర నిలబడింది, పాపం. నిలబడగలిగింది ఒక అణువుకు మరో అణువు నీడ ఇవ్వడం వల్లే.

ఈ లెక్కా, కలరీమీటరు రీడింగులూ రాసుకున్న కాగితం పట్టుకుని కొట్టాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన కాగితం వంక చూడలేదు గానీ, నల్లగుడ్డ సీసానూ ఎండ సీసానూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఆయ్, రెండూ మీదేనాండీ?" అన్నాడు. ఇప్పుడు మా పసుపు ఆయన కొట్టులో మూత ఉన్న రేకుడబ్బాలో, లోపలి అరలో ఉంటుంది. అమ్మకం మునుపటంత లేదు. కనబడని సరుకు ఎవరు అడుగుతారు? పొట్లం వెనక్కి తెచ్చినావిడ మళ్ళీ రాలేదట. అమ్మ మాత్రం ఈ ఏడు మందపాటి ఖాకీ కాగితం తెప్పించి పొట్లాలు కట్టించింది.

పొట్లాలు కడుతూ అమ్మ అడిగింది, ఆ పసుపు రేణువు ఎండలో రోజుకు ఎన్నిసార్లు అవస్థ పడుతుందన్నావురా అని. ఎనభై ఆరు వేల సార్లు అన్నాను. అమ్మ చేతిలో పొట్లం కేసి చూసి, "అన్నిసార్లా!" అని, కాగితం ఇంకో మడత వేసింది.